రెండు చెవుల్లో గాలి

"అక్కా, గాలి ఎటు నుంచి వస్తుందో మీకెట్ల తెలుస్తది?"

పొద్దున హుస్సేన్ సాగర్ ఒడ్డున తొమ్మిదేళ్ళ పాప అడిగింది. సెయిలింగ్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకి నెల నుంచి చదువుతున్నా. అయినా ఒక్క క్షణం మాట రాలేదు.

కళ్ళు మూసుకోమన్నా. రెండు చెవుల్లో గాలి ఒకేలా వినిపించేదాకా తల మెల్లగా తిప్పమన్నా. తిప్పింది, ఆగింది, కళ్ళు తెరిచింది. ఎదురుగా సంజీవయ్య పార్క్ జెండా, సరిగ్గా మా వైపే రెపరెపలాడుతోంది.

ఆ పాప మొహం చూడాల్సింది!

ఇంటికొచ్చి మళ్ళీ సెయిలింగ్ రేసుల రూల్స్ పుస్తకంలో రూల్ 10 తీశా. పోర్ట్ ట్యాక్ పడవ (ఎడమ పక్క నుంచి గాలి తగిలేది) స్టార్‌బోర్డ్ ట్యాక్ పడవకి (కుడి పక్క నుంచి గాలి తగిలేదానికి) దారివ్వాలి. నిద్రలో అడిగినా చెప్తా. కానీ 2.3 మీటర్ల ఆప్టిమిస్ట్ అనే చిన్న పిల్లల పడవలో ఒంటరిగా కూర్చుని, తెరచాప టపటపా కొట్టుకుంటుంటే బెదిరిపోయిన పిల్లకి అట్లా చెప్తే ఏం అర్థమవుతుంది?

పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్నా: "గాలి నీ ఎడమ పక్క తగులుతోందా? కుడి పక్క గాలితో వచ్చేవాళ్ళకి నువ్వే దారివ్వాలి, కన్నా."

ఇంకా పొడుగ్గానే ఉంది. గాలిలో అంత మాట వినపడదు. రేపు నీళ్ళ మీద అరిచి చూడాలి.