టైమ్స్ స్క్వేర్ కింద అన్నదమ్ముల వాటాలు

పోయిన జులైలో అమ్మని ఫ్లషింగ్ వినాయకుడి గుడికి తీసుకెళ్దామని బయల్దేరాను. మేముండేది న్యూజెర్సీలో కాబట్టి బస్సెక్కి మన్‌హాటన్‌లో పోర్ట్ అథారిటీ బస్టాండుకి రావాలి, అక్కడ భూమిలోకి దిగి 7 నంబరు రైలు పట్టుకుంటే ఆఖరి స్టేషన్ ఫ్లషింగే. చెప్పడానికి ఇంతే. కానీ ఆ బస్టాండుకీ ఆ రైలుకీ మధ్య టైమ్స్ స్క్వేర్ స్టేషన్ ఉంది.

బస్టాండు ఎనిమిదో అవెన్యూ మీద. 7 నంబరు ఎక్కాలంటే ఏడో అవెన్యూ వైపు నడవాలి, భూమి లోపలే, పొడుగాటి టన్నెల్లో. ఎండాకాలం లోపల ఉక్కపోత ఎలా ఉంటుందంటే, రైళ్లలో ఏసీ పెట్టి ఆ వేడంతా బయటికి కక్కుతుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడి పని ఇడ్లీ పాత్రలో ఇడ్లీ పనే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సగం దూరం వచ్చాక ఆగి, "ఏరా, రైలెక్కిస్తావా, ఊరు దాటిస్తావా?" అంది. నేను మాటల్లో పడి, కిందికి దిగాల్సిన చోట దిగకుండా తిన్నగా షటిల్ అనే పొట్టి లైను దాకా తీసుకెళ్లిపోయాను. మళ్లీ వెనక్కి. ఇక్కడ నాలుగేళ్లుగా తిరుగుతున్నవాణ్ణి, సిగ్గుపడాల్సిన విషయమే.

"ఇది ఒక స్టేషన్ కాదమ్మా, ఐదు" అన్నాను, తప్పు కప్పిపుచ్చుకోవడానికి. "అయితే కట్టేముందు ఎవరో ఒకరు చూసుకోవద్దూ?" అంది. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఇదంతా ఇప్పుడు రాస్తున్నా.

న్యూయార్క్ మొదటి సబ్‌వే 1904 అక్టోబర్ 27న మొదలైంది. సిటీ హాల్ నుంచి పైన 145వ వీధి దాకా 28 స్టేషన్లు, టికెట్ 5 సెంట్లు. ఆ లైను అప్పుడు ఇప్పట్లా తిన్నగా లేదు. తూర్పు వైపు గ్రాండ్ సెంట్రల్ దాకా వచ్చి, అక్కడ ఎడమకి తిరిగి 42వ వీధి కింద పడమరకి నడిచి, మళ్లీ కుడికి తిరిగి బ్రాడ్‌వే కింద ఉత్తరానికి పోయేది. ఆ రెండో మలుపు దగ్గరే మన స్టేషన్. ఆ ప్రాంతాన్ని అంతకుముందు లాంగేకర్ స్క్వేర్ అనేవాళ్లు, గుర్రబ్బళ్ల వ్యాపారం ఎక్కువ. న్యూయార్క్ టైమ్స్ పత్రిక అక్కడ కొత్త బిల్డింగ్ కట్టుకుంటుండటంతో అదే ఏడాది ఏప్రిల్‌లో టైమ్స్ స్క్వేర్ అని పేరు మార్చారు. రైలు ఆ బిల్డింగ్ పునాదుల్లోంచే వెళ్లేది.

నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, ఇవాళ న్యూయార్క్‌లో అన్నిటికంటే రద్దీ స్టేషన్‌గా పేరున్న దీన్ని అప్పట్లో ఒట్టి లోకల్ స్టేషన్‌గా కట్టారు. నాలుగు ట్రాకులు, పక్కవాటి మీద లోకల్ రైళ్లు ఆగేవి, మధ్యలో ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా దూసుకుపోయేవి. గ్రాండ్ సెంట్రల్ తర్వాత అవి ఆగేది 72వ వీధిలోనే. ఇక్కడ ఇంత జనం దిగుతారని ఎవరూ అనుకోలేదన్నమాట.

ఆ తర్వాత వాటాల గొడవ. మొదటి లైను కట్టించింది నగరమే అయినా నడిపింది ఐఆర్‌టీ అనే ప్రైవేటు కంపెనీ. 1913లో నగరం దానితో పాటు ఇంకో కంపెనీకి కూడా కొత్త లైన్లు ఒప్పందం మీద ఇచ్చింది, అదే తర్వాత బీఎంటీ అయింది. 1917లో ఐఆర్‌టీ ఏడో అవెన్యూ కింద కొత్త స్టేషన్ తెరిచింది, ఇప్పటి 1, 2, 3 నంబరు రైళ్లవి. 1918 జనవరిలో బీఎంటీ వాళ్లు పక్కనే బ్రాడ్‌వే కింద తమది తెరిచారు, అవి ఇప్పుడు ఎన్, క్యూ, ఆర్, డబ్ల్యూ. పైన ఈ రెండు రోడ్లూ ఇంటూ మార్కులా ఒకదాన్నొకటి దాటతాయి కదా, కింద రైళ్లు కూడా ఒకదాన్నొకటి దాటి, అవతలికి పోయాక ఒకరి రోడ్డు ఇంకొకరు తీసుకుంటాయి. ఏడో అవెన్యూలో వచ్చినవి బ్రాడ్‌వేలోకి, బ్రాడ్‌వేలో వచ్చినవి ఏడో అవెన్యూలోకి. మ్యాపు చూసి బుర్ర గోక్కున్నానంటే అతిశయోక్తి కాదు.

అదే 1918 ఆగస్టులో పాత లైనుని మధ్యలో తెంపారు. తూర్పు ముక్కని లెక్సింగ్టన్ అవెన్యూ లైనుకీ, పడమర ముక్కని ఏడో అవెన్యూ లైనుకీ అతికారు. మధ్యలో 42వ వీధి కింద మిగిలిన ముక్కే ఇప్పటి షటిల్, గ్రాండ్ సెంట్రల్‌కీ టైమ్స్ స్క్వేర్‌కీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. మొదలెట్టిన వెంటనే జనాన్ని తట్టుకోలేక మూసేసి, సెప్టెంబర్ చివర్లో మళ్లీ తెరిచారు. 1962లో డ్రైవర్ అవసరం లేకుండా దానంతటదే నడిచే రైలు కూడా పెట్టారు దీని మీద, కాకపోతే యూనియన్‌తో ఒప్పందం ప్రకారం అందులో ఒక డ్రైవర్ ఊరికే కూర్చునేవాడట. 1964లో గ్రాండ్ సెంట్రల్ దగ్గర అగ్నిప్రమాదంలో ఆ రైలు కాలిపోయింది. టైమ్స్ స్క్వేర్‌లో షటిల్ ఆగేది మలుపు మీద కట్టిన పాత స్టేషన్ కావడంతో ప్లాట్‌ఫాం వంకరగా ఉండేది, రైలు ఆగాక రైలుకీ దానికీ మధ్య సందు మూయడానికి కింద నుంచి ఇనుప పలకలు ముందుకి జరిగేవి. ప్లాట్‌ఫాం చివర నికర్‌బాకర్ అని రాసున్న తలుపొకటి ఉండేది, రైలు దిగి నేరుగా పైనున్న ఆ పేరు గల హోటల్లోకి పోయే దారి అన్నమాట, ఒకప్పుడు. 2021లో ఆ వంకర తీసేసి, ఒకే వెడల్పాటి ప్లాట్‌ఫాం వేసి, 6 పెట్టెల రైళ్లు నడుపుతున్నారు.

1927లో 7 నంబరు వచ్చింది, క్వీన్స్ వైపు నుంచి 42వ వీధి కిందుగా. మిగతావన్నీ అప్పటికే పైన ఉన్నాయి కాబట్టి వాటి కిందకి దూరాల్సి వచ్చింది, మా అమ్మ మోకాళ్ల కష్టానికి కారణం అదీ. ఇక 1932లో నగరం సొంతంగా ఎనిమిదో అవెన్యూ కింద మూడో సంస్థ లైను తెరిచింది, ఎ, సి, ఇ రైళ్లవి. దాని కిందే ఇంకో ప్లాట్‌ఫాం కూడా ఉండేది, 1959 నుంచి 1981 దాకా గుర్రప్పందేలకి వెళ్లే స్పెషల్ రైళ్లు అక్కడ ఆగేవట.

వాటాలు వేసుకున్న అన్నదమ్ములు ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకుని, ఎవరి గుమ్మం వాళ్లు తీసుకున్న ఇల్లులా అయింది. 1940లో నగరం రెండు కంపెనీలనీ కొనేసింది గానీ గోడలు వెంటనే పడలేదు. ఐఆర్‌టీ, బీఎంటీ మధ్య ఇక్కడ మళ్లీ టికెట్ లేకుండా మారడం 1948లో వచ్చింది. మేం నడిచిన ఆ టన్నెల్ టికెట్ గేట్ల లోపలికి వచ్చింది 1988లో! అన్నేళ్లూ ఎనిమిదో అవెన్యూ రైలు దిగి ఏడో అవెన్యూ రైలెక్కాలంటే మళ్లీ డబ్బు కట్టాల్సిందే. రైళ్ల పేర్లలో కూడా పాత వాటాలు తెలుస్తాయి. అంకె ఉంటే ఐఆర్‌టీ, అక్షరం ఉంటే మిగతా రెండూ. ఐఆర్‌టీ పెట్టెలు సన్నం, అవతలివి వెడల్పు, ఆ రైళ్లు ఈ సొరంగాల్లో పట్టవు. షటిల్‌కి మాత్రం ఎస్ అని అక్షరం తగిలించారు, కానీ అది ఐఆర్‌టీ బిడ్డే.

గుడికి చేరేసరికి ఒంటిగంట దాటింది. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్లో దోసె తింటూ అమ్మ మోకాళ్ల గురించి ఒక్క మాట అనలేదు, దోసె బాగుంది మరి.

ఆ టన్నెల్లో పైకప్పుకి పలకలు వేలాడుతుంటాయి, 1991లో పెట్టినవి, ఆలస్యంగా లేచి పనికి పరిగెత్తేవాడి ఏడుపు ముక్కలు ముక్కలుగా రాసి ఉంటుంది. ఒకదాని మీద మాత్రం అక్షరాలుండవు, మంచం ఫొటో. వచ్చేటప్పుడు అమ్మ దాన్ని చూసి, "ఈ మంచం పొద్దున కూడా చూశాం" అని గుర్తుపెట్టుకుంది. ఆగస్టులో నాన్న వచ్చాక ముగ్గురం మళ్లీ వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు 7 నంబరు దిగి పైకెక్కగానే నేను ఫోన్లో మ్యాపు తీశాను. అమ్మ అప్పటికే నాన్న చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది, "మంచం బొమ్మ వచ్చేదాకా తిన్నగా రండి, వాడి మాట వినకండి" అంటూ.