తొడిమ వదిలిన దోసపండు

పొద్దున్నే దోసపాదు మీద బూడిద చల్లాను. మంచు తడి ఆరకముందు చల్లితేనే ఆకుకు పట్టుకుంటుంది. ఎర్ర పెంకుపురుగులు మళ్ళీ వచ్చి లేతాకులన్నిటికీ కంతలు పెట్టాయి. మందు కొట్టిస్తే ఒక్కరోజులో పోతాయి గానీ, నేను కొట్టనివ్వను. తేనెటీగ వాలి పుప్పొడి అంటిస్తేనే పిందె నిలుస్తుంది, లేకపోతే పండుబారి రాలిపోతుంది. టంగుటూరు దగ్గర మా ఇసుకనేలకు దోస బాగా వస్తుంది, ఈగలు తిరగాలంతే.

నిన్నటిదాకా గట్టిగా ఉన్న పెద్దకాయ రాత్రికి రాత్రే పగుళ్ళిచ్చింది. వాసన వంటింట్లోకి కొడుతోంది. కింద చెయ్యి పెట్టి ఎత్తబోతే చేతిలోకే వచ్చేసింది. తెంపలేదు, మెలితిప్పలేదు. తొడిమ ఉన్నచోట నున్నటి చిన్న గుంట, అంతే. తీగకు గీత కూడా పడలేదు. పండు పక్వానికొచ్చేసరికి తొడిమ మొదట్లో కణాల పొర ఒకటి వదులై తనంతట తానే విడిపోతుంది.

అత్తయ్య చూసి, “ఉర్వారుకమివ బంధనాత్” అన్నారు. ఆవిడ రోజూ దీపం దగ్గర చదివే మృత్యుంజయ మంత్రం, ఋగ్వేదం ఏడో మండలంలోది. పండిన దోస తొడిమ విడినట్టు నన్ను మృత్యువు నుంచి విడిపించు, అమృతం నుంచి మాత్రం వద్దు అని అడగడం. ఎన్నేళ్ళుగానో వింటున్నా, పండు బరువు అరచేతిలో ఉండగా విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఉర్వారుకమంటే కీరా అని చెప్పేవాళ్ళున్నారు. రెండు పాదులూ పెంచినదాన్ని, నాకు ఒప్పబుద్ధి కాదు. కీరా ముదిరి పసుపెక్కినా తీగను వదలదు, కత్తెర పెట్టాల్సిందే. ఆ మాట చెప్పిన ఋషి చూసింది దోసపండునే అని నా నమ్మకం.

పక్కింటి పిన్ని గోడ మీంచి, “కీరా పక్కన వేశావు, దోస చేదెక్కుద్దమ్మాయ్” అంది. అలా ఏం కాదు పిన్నీ అన్నాను. కీరాకు 7 జతల క్రోమోజోములు, దోసకు 12. పక్కపక్కన పూసినా ఆ రెండూ కలవవు. చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది ఈ జాతి తీగలు తమలో తామే తయారుచేసుకునేది.

మధ్యాహ్నం పండు చిదిమి బెల్లం కలిపి పెడితే అబ్బాయి గిన్నె నాకేశాడు. పిన్నికీ ఒక గిన్నె పంపాను. పచ్చికాయ ఒకటి రేపు పచ్చడికి కోయాలి, ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి.