గుంజాల దారిలో గోండి గొంతు

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లాలంటే హైదరాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంత దూరం వచ్చి, గుడిహత్నూర్ దగ్గర ఎడమకు తిరగాలి. తర్వాత ఇంద్రవెల్లి, ఉట్నూరు, ఆపైన నార్నూరు. మేం వెళ్లింది పత్తి ఏరే రోజుల్లో. పగలు ఊళ్లలో మనిషి దొరకడు, సాయంత్రమైతే అందరి చేతుల్లోనూ ఫోన్లే. గుట్ట ఎక్కితే సిగ్నల్, దిగితే లేదు. మా సంచిలో మూడు ఫోన్లు పెట్టుకున్నాం: బటన్ల ఫోన్ ఒకటి, పాత ఆండ్రాయిడ్ ఒకటి, కొత్తది ఒకటి. గోండి మాట్లాడే మనిషికి ఈ మూడింటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో చూడాలన్నదే ప్రయాణం.

ఇంద్రవెల్లి దగ్గర్లోనే కేస్లాపూర్. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు నాగోబాకు పూజ చేసే ఊరు. ఆ జాతరలో జరిగే దర్బారును 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించారు. అధికారులు వచ్చి కూర్చుంటారు, జనం లేచి పట్టా రాలేదనో, బోరు చెడిందనో చెప్పుకుంటారు. ఏడాదికి ఒక్కసారి! మిగతా రోజుల్లో ఆ మాట ఎవరికి, ఏ భాషలో చెప్పాలి? 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని రాయించుకున్నవారు 29 లక్షల 84 వేల పైచిలుకు. కానీ వాళ్లు నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. ఇక్కడి పిల్లలు బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంటారు, పెన్‌గంగ అవతల మహారాష్ట్ర పిల్లలు దేవనాగరి. ఒకరు రాసింది మరొకరు చదవలేరు.

నార్నూరు మండలంలోని గుంజాలకు పేరొచ్చింది రాతప్రతుల వల్ల. 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం అక్కడ గోండులకే చెందిన ఒక లిపిలో రాసిన ప్రతులను వెలుగులోకి తెచ్చింది. ప్రతి అక్షరానికీ కంప్యూటర్లలో ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. ఆ లిపి 2018 జూన్‌లో దాని 11.0 వెర్షన్‌లోకి ఎక్కింది. సంకేత స్థానాలు, పదహారు మూలంగా లెక్కిస్తే, 11డి60 నుంచి 11డిఎఎఫ్ వరకు. ఈ సంఖ్యలు చూసి పేజీ తిప్పేయకండి, తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. తెలుగు అక్షరాలు మొదటి 65,536 స్థానాల లోపల ఉన్నాయి. గుంజాల గోండి వాటికి బయట ఉంది. ఆ సంఖ్యలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు పడితే దీనికి 4.

పాత ఆండ్రాయిడ్‌లో ముందుగా పరీక్షించాం. గోండి కీబోర్డు యాప్ ఎక్కించి, సెట్టింగ్స్‌లో భాషలు-ఇన్‌పుట్‌కు వెళ్లి, ఆన్-స్క్రీన్ కీబోర్డుల జాబితాలో దాన్ని ఆన్ చేయాలి. మీటల మీద అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో కొట్టగానే మాత్రం వరసగా ఖాళీ డబ్బాలు! కీబోర్డు యాప్ తనతో తెచ్చుకున్న ఫాంట్ ఆ యాప్ లోపలే పనిచేస్తుంది. వాట్సాప్ చూసేది ఫోన్ సిస్టమ్‌లోని ఫాంట్‌నే. అందులో ఈ లిపి లేకపోతే మనం చేయగలిగింది తక్కువ. కొన్నిచోట్ల అక్షరం వస్తుంది గానీ గుణింతం గుర్తు విడిపోయి చుక్కల సున్నా పక్కన నిలబడుతుంది. అది ఫాంట్ తప్పే కానక్కరలేదు, అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్ పాతదై ఉండొచ్చు.

దీనికి అందరూ పట్టుకునే దగ్గరి దారి బొమ్మగా పంపడం. బొమ్మ ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తుంది, కానీ వెతికితే దొరకదు, చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించదు. ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ కొంత మేలు. అన్నిటికంటే మంచిది వెబ్ పేజీయే ఫాంట్‌ను వెంట తెచ్చుకునేలా చేయడం. నోటో సాన్స్ గుంజాల గోండి ఉచితం, ఫైలు కూడా చిన్నది.

దరఖాస్తు ఫారాల్లో మరో గొయ్యి ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను 'యూటీఎఫ్8' అన్న పాత పేరుతో పెడితే అది 3 బైట్ల వరకే తీసుకుంటుంది. గోండి పేరు కొడితే ప్రశ్నార్థకాలు పడతాయి, లేదా ఆ అక్షరం దగ్గరే వాక్యం తెగిపోతుంది. 'యూటీఎఫ్8ఎంబీ4' అని మార్చాలి, టేబుల్‌కే కాదు, కనెక్షన్‌కు కూడా. రెండోది మరిచిపోయి మొదటిదాన్ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎస్సెమ్మెస్‌లో అయితే తెలుగు 70 అక్షరాలు పట్టే చోట ఈ లిపి ఒక్కో అక్షరం రెండుగా లెక్కకొచ్చి 35తో ఆగుతుంది.

కీబోర్డు అమరికలో ఒక పేచీ ఉంది. గుంజాల లిపిలో హల్లులు 'క'తో మొదలుకావు. య, వ, బ, భ, మ వచ్చాక క వస్తుంది. ఆ వరసలో నేర్చుకున్న పెద్దలకు క-ఖ-గ కీబోర్డు ఇస్తే అక్షరం కోసం తడుముకుంటారు. తెలుగు బడిలో చదివిన పిల్లలకు కథ తిరగబడుతుంది. రెండు అమరికలూ ఇవ్వడమే న్యాయం.

ఇంత శ్రమా లిపికి అవసరమే. కానీ ఈ వేళ బోరు చెడిందని చెప్పాల్సిన మనిషికి లిపి అక్కరలేదు, గొంతు చాలు. ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదిక పట్టుకున్న దారి ఇదే. ఊరి మనిషి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తాడు, సర్వర్ తిరిగి చేస్తుంది, ఖర్చు దానిదే. ఒక మీట నొక్కితే తన మాట రికార్డవుతుంది, మరొకటి నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. మోడరేటర్లు విని, విషయం సరిచూసి పైకి వదులుతారు. సమస్యతోపాటు సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పిస్తారు. విన్నవాళ్లు ఆ అధికారికి ఫోన్ చేస్తారు. పని జరిగితే మొదట చెప్పినవారే మళ్లీ వచ్చి జరిగిందని రికార్డు చేస్తారు.

మన వైపు ఇలాంటిది పెట్టాలనుకునేవారికి కొన్ని మాటలు. సర్వర్ మీద ఫోన్ కాల్స్ నడిపే ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఒక్క సిమ్ పెడితే ఒకసారికి ఒక్క కాలే, మిగతావాళ్లు క్యూలో ఉంటారు. ఒకే లైను మీద చాలా కాల్స్ నడిచే పీఆర్ఐ కనెక్షన్ తీసుకుంటే ఒకేసారి 30. మీట నొక్కమని అడగడమే మొదటి అడ్డంకి. టచ్ ఫోన్‌లో కాల్ నడుస్తుండగా అంకెల పలక దాక్కుంటుంది, దాన్ని పైకి తేవడం చాలామందికి తెలియదు. అందుకని ఏమీ నొక్కకపోయినా బీప్ తర్వాత రికార్డింగ్ దానంతటదే మొదలుకావాలి. రెండోది, చివర్లో మీట నొక్కితేనే దాచుకునేలా రాస్తే గుట్టల్లో సగం మాటలు పోతాయి. లైను తెగిన క్షణం వరకు వచ్చినదంతా దాచాలి. మూడు నిమిషాల గడువు చాలు. ఇక మొదట పలకరించే గొంతు గోండిలో, ఆ ప్రాంతపు యాసలో ఉండాలి. ఒకచోటి 'స' ఇంకోచోట 'హ' అవుతుంది, మరోచోట అసలే వినిపించదు.

నెట్ అందని గూడేలకు ఛత్తీస్‌గఢ్‌లో బ్లూటూత్‌ను వాడుకున్నారు, దాన్ని అక్కడ బుల్టూ అంటారు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చోట ఒకరు కార్యక్రమం దించుకుంటారు, అక్కడి నుంచి ఫోన్ నుంచి ఫోన్‌కు పాకుతుంది. లెక్క చూడండి: మోనోలో సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున 30 నిమిషాల మాట 3.6 ఎంబీ. మా బటన్ల ఫోన్‌కు అది భారం కాలేదు. గోండుల కథాగాయకులైన పర్ధానులు కిక్రి అనే తీగవాద్యం మీద పాడే పాట పెట్టాలంటే మాత్రం 16 చాలదు, తీగ మోత గరగరలాడుతుంది. కనీసం 48 కావాలి.

ఉట్నూరు ప్రాంతంలో రాయిసెంటర్లు ఉన్నాయి. తగవులైనా, ఊరి సంగతులైనా అక్కడ కూర్చుని దాని పెద్ద అయిన సార్‌మేడి ముందు మాట్లాడుకుంటారు. వచ్చిన ఫిర్యాదు నిజమా కాదా అన్నది హైదరాబాద్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్న మోడరేటర్ కంటే ఆ కూటమికే బాగా తెలుస్తుంది. అలాగని సరిచూసే పని మొత్తం అక్కడే వదిలేయకూడదు, ఫిర్యాదు ఊరి పెద్ద మీదే అయితే? ఆడవాళ్లు చేసే కాల్స్‌కు వేరే మోడరేటర్ ఉండాలి, వీలైతే గోండి తెలిసిన అక్క. మాట చివర సొంత నంబరు చెప్పే అలవాటు ఈ వేదికల్లో ఉంది. అధికారికి అది కావాలి, పబ్లిక్ రికార్డింగ్‌లో అక్కరలేదు. మోడరేటర్ ఆ ముక్క కత్తిరించి విడిగా దాచి, పని పూర్తయ్యాక చెరిపేస్తే చాలు.