బంతిని చూడకుండా ఆట చూశాను

మా ఫుట్‌బాల్ జట్టు వారాంతపు లీగులో ఆడుతుంది. జీతాలు లేవు, బదిలీ రుసుములు లేవు. కొత్త ఆటగాణ్ణి తీసుకోవడమంటే అతను ఆడే చోటికి వెళ్లి చూడటం, మాట్లాడటం, రెండుసార్లు మాతో ఆడించడం, అంతే. గత సీజన్ ముగిశాక ఆ పని నా నెత్తిన పడింది. మోకాలు దెబ్బతిని ఆట మానేసిన దగ్గర నుంచి మైదానం బయట కూర్చుని అందరికన్నా ఎక్కువ తప్పులు పట్టింది నేనే. ‘అయితే నువ్వే చూసి తీసుకురా’ అన్నారు. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్యలో ఆడేవాళ్లు, ఇద్దరు కావాలి.

ఎలాంటి ఇద్దరు అన్న ప్రశ్న నాకు రానే లేదు. ముందు గోల్ కొట్టి, చివరి ఇరవై నిమిషాల్లో మ్యాచ్ చేజార్చుకోవడం మాకు అలవాటైపోయింది. మధ్యలో గట్టిగా అడ్డుపడే మనిషి లేకపోవడమే జబ్బని తేల్చేసి, మూడు వారాలు బలంగా టాకిల్ చేసేవాళ్లను, అంటే ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కునేవాళ్లను, వెతుక్కుంటూ తిరిగాను.

ఆ తిరుగుడును ఆపినవి మా పాత వీడియోలు. ఓడిన ఐదు మ్యాచ్‌లు మళ్లీ పెట్టుకుని, ఈసారి బంతిని చూడకూడదని పంతం పట్టాను. చెప్పినంత తేలిక కాదు, కన్ను దానంతటదే బంతి వెంట పోతుంది. మా ఇద్దరు మిడ్‌ఫీల్డర్ల మీదే చూపు నిలిపి కూర్చుంటే అప్పుడు కనిపించింది. మా సెంటర్ బ్యాక్ (మా గోల్ ముందు మధ్యలో కాపు కాసేవాడు) కాళ్ల దగ్గర బంతి ఉన్నంతసేపూ ఇద్దరూ ప్రత్యర్థి ఫార్వర్డ్‌ల (ముందు వరుస దాడివాళ్ల) వెనక దాక్కున్నట్టు నిలబడుతున్నారు. పాస్ వెళ్లే దారే లేదు. బంతి పక్క అంచున కాపు కాసే ఫుల్‌బ్యాక్‌కు పోతుంది, గీత పక్కన ఇరుక్కుంటుంది, చివరికి ఎవరో ఒకరు గుడ్డిగా ముందుకు తంతారు. డెబ్బై నిమిషాలు పోయిన బంతి వెంట పరుగెత్తినవాళ్లకు ఆఖర్లో ఊపిరి ఎక్కడుంటుంది? పైగా దాడికి వెళితే ఇద్దరూ కలిసే వెళుతున్నారు. బంతి పోయిన క్షణాన మధ్యలో పచ్చిక తప్ప ఏమీ లేదు.

అడ్డుపడేవాడు కావాలని వాదించేటప్పుడు నేను ఎప్పుడూ ఒకే ఉదాహరణ చెప్పేవాణ్ణి. 2003 వేసవిలో స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్ బెక్‌హామ్‌ను కొని, మధ్యలో అడ్డుపడే మకెలెలెను ఇంగ్లండ్ జట్టు చెల్సీకి వదిలేసింది. జిదాన్, ఫిగో, బ్రెజిల్ రొనాల్డో ఉన్న రియల్ మాడ్రిడ్ ఆ సీజన్ లీగులో చివరి ఐదు మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానంలో ఆగింది. చెల్సీ మాత్రం 2004-05లో 38 మ్యాచ్‌ల్లో 15 గోల్సే ఇచ్చి టైటిల్ గెలిచింది. అంతా నిజమే, నేను తీసిన అర్థమే తప్పు. మకెలెలె గొప్పతనం జారి పడి బంతి లాక్కోవడంలో కన్నా, ఆ అవసరం రాకముందే అక్కడ నిలబడి ఉండటంలో ఎక్కువ. దొరికిన బంతిని పక్కవాడికి ఇచ్చేసి ఊరుకునేవాడు. ఇక ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లో సంగతి చూడండి. టాకిళ్లకు పేరున్నవాడు కాదు. 2011లో ఏసీ మిలాన్ వదులుకుంటే యువెంటస్‌కు ఉచితంగా దొరికాడు, మరుసటి ఏడాది ఆ జట్టు లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత అయింది. అతని చుట్టూ పరుగులు తీయడానికి విదాల్, మార్కీసియో ఉన్నారు. నేను పక్కన ఎవరుంటారో ఆలోచించకుండా ఒక్కో మనిషినీ విడిగా తూకం వేస్తున్నాను.

అప్పటి నుంచి నోటుపుస్తకంలో రెండే గళ్లు పెట్టుకున్నాను. బంతి రాకముందు ఏం చేస్తున్నాడు? బంతి పోయాక ఎక్కడున్నాడు? రెండు కాళ్ల మధ్య జరిగే విద్యలన్నీ మూడో సంగతి.

కొత్త కళ్లతో చూస్తే, మొదటిసారి ‘ఏమీ చేయలేదు’ అని రాసి కొట్టేసిన ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. మళ్లీ వెళ్లాను. ప్రతి పాస్‌కూ ముందు భుజం మీదుగా వెనక్కి ఒక చూపు, వీలైతే రెండు. గోల్‌కు పూర్తిగా వీపు పెట్టకుండా ఒంటిని పక్కకు తిప్పి బంతి అందుకుంటున్నాడు, అందుకే మొదటి టచ్‌తోనే ముందుకు తిరగగలుగుతున్నాడు. డిఫెండర్‌కు బంతి వచ్చేసరికి నాలుగడుగులు జరిగి దారి తెరిచి ఉంటాడు. నా పుస్తకం మీద నాకే సిగ్గేసింది.

ట్రయల్‌లో మళ్లీ పొరపాటు నాదే. చిన్న మైదానంలో అతన్ని అపరిచితులతో కలిపి ఆడించాను. ఎవరూ కదలకపోతే అతని పాస్‌లు ఎవరికి? మామూలు మనిషిలా కనిపించాడు. అదే రోజు ఇంకొకడు ముప్పై గజాల నుంచి పైమూలకు కొట్టాడు, అందరూ చప్పట్లు. కెప్టెన్ పరుగెత్తుకుంటూ వచ్చి, “అన్నా, ఇలాంటివాడు దొరికితే ఇంకా ఆలోచించడం ఎందుకు?” అన్నాడు.

“బంతి పోయినప్పుడు ఎక్కడున్నాడో చూశావా?”

“చూడలేదు. మీరు తప్ప అది చూసేదెవరు?”

ఆ గోల్ కొట్టినవాడు నడుస్తున్నాడు, వెనక్కి. అలాంటివాళ్లు మాకు అప్పటికే ఇద్దరున్నారు. వారం తరువాత నిదానపు కుర్రాణ్ణి మా డిఫెండర్లతోనే పెద్ద మైదానంలో ఆడించాను. మా కోచ్ సార్ పావుగంట చూసి, “ఇతను ఉన్నప్పుడు మన వెనకవాళ్ల అరుపులు తగ్గాయి” అన్నారు. అంతకన్నా మంచి లెక్క నేను కట్టలేకపోయాను.

రెండో స్థానం త్వరగానే తేలింది. మా మధ్యవాళ్లందరూ కుడి కాలి వాటమే, ఎడమ వైపు వెళ్లిన దాడి ప్రతిసారీ లోపలికి మళ్లి గుంపులో చిక్కుకునేది. ఎడమ కాలితో సహజంగా బయటికి పాస్ ఇవ్వగలిగి, తోడు ముందుకు వెళితే తాను ఆగేవాడు ఒకడు దొరికాడు. వేగం తక్కువ. తీసుకున్నాం.

ఆ ముప్పై గజాల వీరుడు పక్క జట్టులో చేరాడు. నాలుగో వారమే మా మీద ఆడాడు, దూరం నుంచి ఒకటి కొట్టాడు, 2-1తో ఓడిపోయాం. తిరుగు దారిలో కెప్టెన్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి ఆ గోల్‌ను పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. మా నిదానపు కుర్రాడు ఉండాల్సిన చోటే ఉన్నాడు. ఎడమ కాలివాడు మాత్రం రెండడుగులు ఆలస్యంగా బయలుదేరాడు. మంగళవారం సాధనకు అతన్ని అరగంట ముందు రమ్మన్నాను.