వెల్డ్ పక్కన కాలిపోయిన జింకు

జీఐ పైపుకి, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపుకి, వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ జింకు కాలిపోతుంది. చాలామంది దాని మీద సిల్వర్ పెయింట్ కొట్టేసి చేతులు దులుపుకుంటారు. నాకది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందులో ఉండేది అల్యూమినియం పొడి. రంగు కలుస్తుంది గానీ, ఇనుముకి బదులు తాను కరిగిపోయి కాపాడే గుణం జింకుది.

నేను వాడేది జింకు పొడి బాగా ఎక్కువగా ఉండే జింక్ రిచ్ పెయింటే. కానీ అసలు పని డబ్బా మూత తీయకముందే ఉంది. వెల్డ్ మీద పేరుకున్న పెంకు (స్లాగ్) మొత్తం కొట్టేసి, ఇనుము తళతళలాడేదాకా గ్రైండ్ చేయాలి. నూనె మరక, చేతి ముద్ర కూడా మిగలకూడదు. జింకు రేణువులు ఇనుముని నేరుగా తాకితేనే రక్షణ. చుట్టూ ఉన్న మంచి పూత అంచుని ఎమరీ పేపర్‌తో ఏటవాలుగా అరగదీస్తాను, కొత్త పూత దాని మీదికి కాస్త ఎక్కేలా.

డబ్బాని అడుగుదాకా కలపండి. జింకు బరువు కదా, కింద గడ్డకట్టి కూర్చుంటుంది. పైన తేలిన పల్చటి నీళ్లు పూస్తే డబ్బులు దండగ.

మందం కూడా ముఖ్యమే. జింకు పూతలకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 1461, ఇలా బాగుచేసిన చోట మామూలుగా కనీసం 100 మైక్రాన్లు (0.1 మిల్లీమీటరు) అడుగుతుంది. ఒక్క పూతతో అది రావడం కష్టం. ఆరనిచ్చి మళ్లీ వేస్తాను, మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తాను.