తెలంగాణ ఎవలు తెచ్చిన్రు? మా ఇంటి పంచాయితీ

దసరా వస్తే మా ఇంట్ల ఒక లొల్లి పక్కా, తెలంగాణ ఎవల వల్ల వచ్చింది అని. తిని అందరు సల్లగ కూసున్నంక కాక షురూ చేస్తడు, మేం కాజీపేటల రైలు పట్టాల మీద పండకపోతే ఢిల్లీకి ఇనబడేదా అని. బాపుకు మండుతది. ఆయన అప్పుడు సర్కారు బడిల సారు, తెలంగాణ కోసం 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెల బడి బంద్ పెట్టి జీతం పోగొట్టుకున్నోళ్లల్ల ఒకలు. ఆ ఏడు, అంటే 2011ల, దసరా సమ్మె నడుమనే పడ్డది, నాకు కొత్త బట్టల్లేవు, అది నేను ఇంకా మర్వలే. వీళ్లిద్దరు గట్టిగ మాట్లాడుతుంటే అమ్మ వంటింట్లకెళ్లి "మీ ఇద్దరికి అన్నం ఎవలు పెట్టిన్రో అది గూడ చెప్పున్రి" అంటది.

మొన్న బిల్ మోయర్ అని అమెరికా ఉద్యమకారుడు చెప్పింది చదివిన. 1966ల షికాగోల మార్టిన్ లూథర్ కింగ్ తోని పని చేసినాయన. ఉద్యమంల నాలుగు తీర్ల మనుషులు ఉంటరట, మామూలు పౌరుడు, తిరగబడేటోడు, జనాన్ని కూడగట్టేటోడు, చట్టాల తొవ్వల పోయి మార్పు తెచ్చేటోడు. ఏ పాత్రనైనా మంచిగ చెయ్యొచ్చు, ఖరాబు గూడ చెయ్యొచ్చు అంటడు. చదువుతాంటే నవ్వచ్చింది, ఇదంతా మా ఇల్లే కదా.

బాపు దగ్గర ఒక ఫైలు ఉండె, అండ్ల అన్నీ జిరాక్సులే. 1985 డిసెంబర్ 30న ఇచ్చిన 610 జీవో, రూల్స్ తప్పి మన జోన్లల్ల నౌకర్లు చేస్తున్నోళ్లను 1986 మార్చి 31 లోపు వాపస్ పంపాలె అని అండ్ల రాసి ఉన్నది, ఆ తారీఖు దాటి పాతికేండ్లయినా లొల్లి తెగలే. జయశంకర్ సార్ ఊరూరు తిరిగి చెప్పిన నీళ్లు నిధులు నియామకాల లెక్కలు గూడ బాపు రాసుకున్నడు. కాక ఎక్కిరిస్తుండె, కాయిదాలతోని రాష్ట్రం వస్తదా అన్నా అని, నేను గూడ అప్పుడు ఇంటర్ పోరన్ని, కాక దిక్కే. కానీ కాక మైకు పట్టుకుంటే ఏం చెప్తుండెనో తెల్సా, ఆ 610 ముచ్చటనే!

ఇగ కాక చేసిన తప్పు గూడ చెప్పాలె. సమ్మెకు ముందు ఒకపాలి బస్సు మీద రాయేసిండు, అద్దం పలిగి కండక్టర్ నుదురు మీద నెత్తురు. తర్వాత సమ్మెల ఆ ఆర్టీసోళ్లే బస్సులు బంద్ పెట్టి మనతోని నిలబడ్డరు. బాపు పది దినాలు కాకతోని మాట్లాడలే, కానీ బెయిల్ కోసం మా వాడకట్టు వకీలు సారు ఇంటికి పొద్దున్నే పోయింది గూడ బాపే, ఆ సారు ఫీజు తీసుకోలే.

నాకు అన్నిట్లకంటె యాదికున్నది హన్మకొండ చౌరస్తల వంటావార్పు. రోడ్డు నడుమ మూడు బండరాళ్లు పెట్టి అమ్మ వాళ్ల మహిళా సంఘం పెద్ద గంజు ఎక్కిచ్చిన్రు, బగారన్నం, నా పని ఉల్లిగడ్డలు కోసుడు, కండ్లల్ల నీళ్లు, అదెనుక కట్టెల పొగ. పట్టాల దిక్కు ఎన్నడు రానోళ్లంత ఆడికొచ్చిన్రు, ఆటోలోళ్లు, కూరగాయలమ్మేటోళ్లు, పక్కింటి ముసలమ్మ గూడ మనుమరాలిని చంకలేసుకోని. నినాదాలిచ్చే పోరగాండ్లను ఎత్తి వ్యాన్‌ల ఏసుడు పోలీసులకు అలవాటే, ఉడుకుతున్న గంజును ఎట్ల ఎత్తాల్నో వాళ్లకు సమజ్ కాలే. అటు సింగరేణిల బొగ్గు తీసుడు ఆగింది, కరెంటు కోతలు, ఇటు ఆఫీసులు బంద్, నడుమ రోడ్డు మీద అన్నం. ఇండ్ల ఏ ఒక్కటి తీసేసినా అంత బరువు ఉండకపోవునేమో అనిపిస్తది నాకు.

బాపు లాస్టుకు ఒక పాయింటు కొడ్తడు, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభల, 20న రాజ్యసభల తెలంగాణ బిల్లుకు సరే అన్నది ఎంపీలే కదా, పట్టాలు కాదు కదా అని. కాక దగ్గర దానికి జవాబు లేదు, గొంతు పెంచుతడు అంతే. తెలంగాణ కోసం తమ ప్రాణాలు తీసుకున్న పిల్లలను మోయర్ సాబ్ నాలుగు డబ్బలల్ల ఏ డబ్బల ఎయ్యాల్నో మాత్రం నాకు తెల్వది, ఆ ముచ్చట వస్తే మా ఇంట్ల అందరు సప్పుడు చెయ్యరు.

బాపు ఫైలు ఇప్పుడు అటక మీదున్నది, ఒక మూలకు చెదలు పట్టింది. గంజు మాత్రం సంఘమోళ్లు అమ్మకే ఇచ్చిన్రు, పెండ్లిల్లకు వాడకట్టోళ్లంత అడుక్కపోతరు. మొన్న దసరాకు బగార అండ్లనే వండినం, కాక రెండోపాలి ఏపిచ్చుకుంటనే మళ్ల పట్టాల ముచ్చట తీసిండు.