బెర్గెన్‌లో మిరియాల బిస్కెట్లు

నార్వేలోని బెర్గెన్‌కి వెళ్లి, అక్కడి ఫ్లెస్‌లాండ్ ఎయిర్‌పోర్టులో దిగి ట్రామ్ ఎక్కింది మొదలు ఒకటే వాన. ఊళ్లోకి ముప్పావుగంట ప్రయాణం, కిటికీలోంచి ఏమీ కనబడలేదు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోయింది. కాఫీ తాగుదామని వెళ్తే కప్పు 50 క్రోనర్లు, అంటే మన డబ్బుల్లో దాదాపు 400 రూపాయలు! డిసెంబరులో రమ్మన్నందుకు మా తమ్ముడి మీద చిరాకేసింది.

ఆ చిరాకంతా పక్కింటి పెద్దావిడ వంటింట్లో పోయింది. క్రిస్మస్‌కి పెప్పర్‌కాకెర్ చేస్తున్నాను, రమ్మని పిలిచింది. పలుచటి, కరకరలాడే మసాలా బిస్కెట్లు అవి. 150 గ్రాముల వెన్న, పంచదార, లేత రంగు సిరప్ కలిపి పొయ్యి మీద కరిగించింది. అది చల్లారాక క్రీమ్ పోసి, దాల్చినచెక్క, లవంగం, శొంఠి, మిరియాల పొడులు వేసింది. చివర్లో మైదా, వంట సోడా. మిరియాల పొడి అర టీస్పూనే పడింది. పేరులో ఉన్నంత కారం ఉండదు, గొంతులో కాస్త వెచ్చగా తగులుతుందంతే.

ముద్దను చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, "ఇక రేపే" అంది. అరిసెల పిండి పాకం వేడి మీద ఉండగానే కానిచ్చేయాలని అమ్మ తొందరపెట్టడం చూసి పెరిగినదాన్ని, ఈ రాత్రంతా ఆగడం నాకు వింతగా అనిపించింది. మర్నాడు కర్ర పెట్టి ఒత్తుతుంటే తెలిసింది ఎందుకో. చల్లగా గట్టిపడిన పిండి పీటకి అంటుకోకుండా సాగుతోంది.

మా మేనకోడలు నా పక్కనే నిలబడి "ఇంకా పల్చగా, అత్తా!" అని ఒకటే గోల. మూడు మిల్లీమీటర్లకి మించితే కరకరలాడవట. పిండిని హృదయాలు, నక్షత్రాలు, పందిపిల్లల ఆకారాల్లో కోసింది. మధ్య మధ్యలో పచ్చి పిండి నోట్లో వేసుకుంటున్నా ఎవరూ ఏమీ అనలేదు. అదీ పండగలో భాగమేనట! ట్రే 175 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు. ఆవిడ గడియారం వైపు చూడనే లేదు. లవంగం వాసన వంటింట్లో నిండగానే వెళ్లి తీసింది. వేడి మీద మెత్తగా వంగిపోతున్నవి చల్లారాక టక్‌మని విరిగాయి.

తర్వాత ఊళ్లో ఈ బిస్కెట్లతోనే కట్టే బొమ్మల ఊరు, పెప్పర్‌కాకెబ్యూయెన్ చూపించారు. 1991 నుంచి ఏటా బడిపిల్లలు, ఇళ్లవాళ్లు ఇళ్లు, పడవలు, రైళ్లు చేసి పంపుతారు. ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదని బెర్గెన్ వాళ్లు చెప్పుకుంటారు. 2009లో తెరవడానికి కొద్ది రోజుల ముందు ఎవరో దాన్ని ధ్వంసం చేస్తే జనం మళ్లీ ఓవెన్లు వెలిగించి నిలబెట్టారు. ఆ సంగతి విన్నాక నేను వంకర గోడలనే ఎక్కువసేపు చూశాను. పంచదార పాకం కారి గడ్డకట్టిన అతుకులు, ఓ పక్కకి ఒరిగిన చిమ్నీలు. పిల్లల చేతులు తెలిసిపోతున్నాయి. పర్ఫెక్ట్‌గా ఉన్న పెద్ద భవనాల కన్నా అవే నాకు నచ్చాయి.

అక్కడ సూపర్‌మార్కెట్లో యాలకుల చిన్న పొట్లం ధర చూసి గుండె గుభేలుమంది. కొన్ని ఇళ్లలో ఈ బిస్కెట్లలో యాలకుల పొడి కూడా వేస్తారట. వచ్చే ఏడాదికి నేనే పంపిస్తానని పక్కింటి పెద్దావిడకి మాటిచ్చాను. పొడి వద్దు, కాయలే పంపమంది. అప్పటికప్పుడు దంచుకుంటుందట.